మా ఊరి బస్సుకు మిగిలిన ప్రయాణికుడు

బస్సు డిపో పెద్దలు మమ్మల్ని మన్నించాలి. మా పెదనాన్న పోయిన సోమవారం సాయంత్రం, ముందస్తు నోటీసు ఇవ్వకుండా చనిపోయాడు. మా ఊరి బస్సుకు మిగిలిన ఏకైక నిత్య ప్రయాణికుణ్ణి ఇలా హఠాత్తుగా వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. జరిగిన అసౌకర్యానికి కుటుంబమంతా తల వంచుతున్నాం.

నా చిన్నప్పుడు మా ఊరికి బస్సు లేదు. గాజువాక రోడ్డు దాకా నడకే. నడవలేనివాళ్లకు మంచం. పెద్దమ్మకు పురుడు కష్టమైన రోజున మంచం ముందు కోడు పెదనాన్నే పట్టాడట. రోడ్డు చేరకముందే ఆమె ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. మంచాన్ని అక్కడే వెనక్కి తిప్పారు. పెదనాన్న మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు. బస్సు కోసం డిపో చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మీ ఊళ్లో ఎక్కడానికి జనం ఏరయ్యా అని డిపోలో ప్రతిసారీ అడిగేవారు. చివరికి ఒక అధికారి స్వయంగా చూడ్డానికి బయల్దేరాడు. ఆ ఉదయానికి పెదనాన్న చుట్టుపక్కల ఊళ్లలోని వియ్యాలవారినీ బావమరుదులనూ, అమ్మోరి పండక్కి పిలిచినట్టు పిల్లాజెల్లాతో సహా రప్పించి, ఊరి మొదట నిలబెట్టాడు. మా జనాభా చూసి అధికారి నివ్వెరపోయి బస్సు ఇచ్చాడు. చుట్టాలు రెండు పూటలా తిని మరీ వెళ్లారు. తొలిరోజు బస్సు ముఖానికి పసుపు రాసింది మా అమ్మ.

తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. పొలాలు ఇచ్చినవాళ్లు కాలనీలకు వెళ్లారు, కుర్రాళ్లు పోర్టు పనులకు వెళ్లారు. ఈసారి తెచ్చి నిలబెడదామంటే చుట్టాల ఊళ్లూ ఖాళీయే. బస్సు తీసేస్తారన్న మాట పుట్టింది. ఆ మర్నాటి నుంచి పెదనాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలేసుకుని, రోజూ బస్సెక్కేవాడు. కండక్టరు వెనక కిటికీ సీటు ఆయనది. గాజువాకలో టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చేవాడు. వేరే పనేమీ లేదు. నేను డిగ్రీ దాకా వచ్చింది ఆ సీటు పక్కన కూర్చునే.

"ఏటి పెదనాన్నా, కలెక్టరుతో మీటింగేటి?" అని ఒకరోజు బస్సంతా వినేలా అడిగాను. బస్సంతా అంటే డ్రైవరూ కండక్టరూ.

ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు. "నవ్వరా గుంటడా. నానెక్కకపోతే బస్సు రాదు. బస్సు రాకపోతే రేపు మీ యమ్మని మంచం మీద మోత్తావేటి?"

ఆ జోకు మళ్లీ వేయలేదు. వేరేవి వేశాను.

సోమవారం, సాయంత్రం బస్సు వెళ్లిపోయాక, ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. మళ్లీ మంచమే గతి. ముందు కోడు నేను పట్టాను. మోసేవాళ్లు చాలక వెనక కోడు మా అమ్మ పట్టింది. దారిలో ఆయన నా మోచెయ్యి తాకి, "దించీయండ్రా. రేపు బస్సుకొత్తాను," అన్నాడు. మేం దించలేదు. కొంతదూరం పోయాక చూస్తే ఊపిరి లేదు. మంచాన్ని వెనక్కి తిప్పాం.

పిల్లలు లేరు కాబట్టి కొరివి నేనే పెట్టాను. అది ఎవరైనా చేసేదే. పెదనాన్న కోసం నా అంతట నేను చేసిన పని ఒక్కటే, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మంగళవారం ఉదయం శ్మశానం నుంచి తిరిగొస్తుంటే స్టాపులో బస్సు ఆగి ఉంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. కండక్టరు దిగి ఊరి వైపు చూస్తున్నాడు.

"ఏటి బావా, పెద్దాయన రాలేదేటి?"

"రేపొత్తానన్నాడు," అన్నాను.

అతను నా తడిబట్టలు చూశాడు, గొరిగిన తల చూశాడు. బస్సెక్కి, తన వెనక కిటికీ సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచి, విజిలేశాడు.