సీల్ చించిన సీడీలో రామాంజి గొంతు

మా అమ్మ మీద ఒట్టు. ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడంలే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి...

అప్పట్లో ధర్మవరంలో నాకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉండేది. పట్టుచీరలకు డిజైన్లు గీసే రామాంజి, గుత్తికి పోయొస్తానని పోయినాడు. మళ్ళా రాలే. వాళ్ళ నాయన ఓబులేసు మామ మగ్గం నేసే మనిషి. కొడుకు కంప్యూటర్ మోసుకొచ్చి నా ముందర పెట్టినాడు.

"యాడికి పోయినాడో దీంట్లో ఏమన్నా ఉండాదేమో చూడప్పా. బతికుండాడని తెలిస్తే చాలు."

డిస్కు నిండా వేల ఫైళ్ళు. అన్నీ యాడ తెరిచేది? ప్రతి ఫైలుకూ హ్యాష్ అని ఒకటి తీయొచ్చు, వేలిముద్ర మాదిరి. లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతాది. కొన్న సాఫ్ట్‌వేర్ సీడీలకు ముద్రలు తీసి పెట్టుకుంటే, వాటితో సరిపోయిన ఫైళ్ళు తెలిసినవని పక్కకు పోతాయి. మిగిలిందే ఆ మనిషి సొంతం. పక్కకు పోయినవాటిని ఎవురూ తెరవరు.

ఆ రాత్రి మిగిలినవన్నీ చీర అంచుల బొమ్మలే. ఉసూరుమని పక్కకు పోయినవి కూడా చూసినా. ఒక పాట ఫైలు... పేరు 'నాయన'.

ఆ ముద్ర యాడిదని చూస్తే, ఆ పొద్దున నేనే సీల్ చించిన కొత్త సీడీది! దాంట్లో అది కంపెనీవాళ్ళ నమూనా పాట. రామాంజి పోయినాక అచ్చయిన సీడీ అది, వాడు దాన్ని చూసిండే వీలే లేదు. సీడీలో ఉండే ఆ పాటే పెట్టి విన్నా.

టక్... టక్... మగ్గం చప్పుడు. ఆగింది. ఎవురో ఊపిరి పీల్చినట్ల...

"మా నాయన యాడుండాడు?"

రామాంజి గొంతే! అంగడి తెరిచిపెట్టే పరిగెత్తి మామను పిల్చుకొచ్చినా. మళ్ళా పెట్టినా. టక్... టక్...

"వచ్చినావా, నాయనా?"

ఇందాక ఈ మాట లేదు! మళ్ళా ముద్ర తీసినా. అదే ముద్ర... ఒక్క అక్షరం తేడా లే. మాట మారింది, ఫైలు మారలే. అదెట్ల అయితాది?

మామ స్పీకరు మీద చెయ్యి పెట్టి ఏడ్చినాడు. "వచ్చినా కొడకా... బతికే ఉండాడు కదప్పా?"

"నాకు తెల్దు మామా."

మూడోసారి పెడితే ఉత్త సన్నాయి పాట.

మామ ఆ సీడీ అడిగి తీసుకుపోయినాడు. కొడుకు కంప్యూటర్ నా అంగట్లోనే ఉండాది, ఇంట్లో ఇంగోటి లేదు. ఆ గొంతు ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాలే. కొడుకు వస్తాడని ఆయన రాత్రిళ్ళు తలుపుకు గడియ పెట్టడంట.

నేను మాత్రం రెండు గడియలు పెట్టుకుంటాండా.