గాజు తలుపు అవతలి సైగ

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజుల్లో, హైదరాబాదు పత్రిక ఒకటి సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికే మనవాళ్ల గురించి ఆదివారం సంచికకు ఒక నిజకథ రాసిమ్మంది. నేను బడిపంతుల్ని, సాంచా ముట్టినవాణ్ణి కాను. శనివారం భజన మండలిలో పురాణం చదివి అర్థం చెబుతాను, అప్పుడప్పుడు పత్రికలకు రాస్తాను. రెండూ ఒకటే విద్య అనుకునేవాణ్ణి. విన్నవాళ్ల కళ్లు చెమర్చాలి, చేతులు వాటంతటవే జోడించుకోవాలి. అంతే.

సూరత్‌లో మేముండే గోడాదరాలో, మా వీధిలోనే ఒకామె భర్త ఆ వేసవిలో కరోనాతో పోయాడు. ఆయన సాంచాలు నడిపేవాడు, ఆమె అదే కార్ఖానాలో దారం కండెలు చుట్టేది. పదకొండేళ్ల కూతురు ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. తండ్రి కడచూపు దానికి దక్కలేదు. ఆయన గురించి రాస్తానంటే ఆమె ఒకటే షరతు పెట్టింది.

“పంపేముందు నాకు చదివి వినిపియ్యాలె అన్నా. నాకు చదువు రాదు. వాళ్ల నాయిన ఎట్ల పోయిండో నా బిడ్డ గా పేపర్లనే చదువుకుంటది. నేను చెప్పుదామంటే ఏడుపొస్తది గని మాట రాదు.”

మూడు సాయంత్రాలు మాస్కు కట్టుకుని వాళ్ల గుమ్మం బయట కూర్చుని విన్నాను. ఆసుపత్రిలో చివరిసారి ఆయన్ను గాజు తలుపు ఇవతల నుంచి చూడనిచ్చారట. ఆయన ఆక్సిజన్ పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

“గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు. కండ్ల దిక్కు చూపిండు. అటెన్క ఏలెత్తి చూపిండు. గంతే,” అంది.

నాకు అది చాలనిపించింది. గుండెలోని స్వామిని కళ్లారా చూశానని, ఆ పైవాడి సన్నిధికే వెళుతున్నానని భార్యకు చెప్పి కన్నుమూశాడని రాశాను. రాస్తుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి.

మాట ప్రకారం చదివి వినిపించాను. ఆ చోటుకు రాగానే ఆమె ఫక్కున నవ్వింది.

“ఏందన్నా గిది? మా ఆయన్ను సాధువును జేసినవ్! గాయన భజనకు ఎన్నడొచ్చిండు? ప్రసాదం పెట్టే టైముకు వస్తుండె.”

నేనూ నవ్వాను. ఆమె నవ్వు అంతలోనే ఆగిపోయింది.

“పైకి చూపలే అన్నా. తలుపు దిక్కు చూపిండు. అది సాంచాల సైగ.”

సాంచాల చప్పుడులో మాట వినపడదు కనుక కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారట. చాయ్‌కి వెళ్లేవాడు పక్కవాడికి చెప్పే సైగ అది. చెయ్యి గుండె మీద పెడితే ‘నావి’ అని, అంటే తన సాంచాలు. కళ్లు చూపిస్తే ‘చూస్తుండు’ అని. వేలు తలుపు వైపు పెడితే ‘బయటికి పోయొస్తా’ అని.

శ్లోకానికి లేని అర్థం చెప్పడం పాపమని చిన్నప్పుడు మా గురువు నేర్పాడు. నేను ఒక మనిషి ఆఖరి మాటకు లేని అర్థం అతికించి, అది భక్తి అనుకున్నాను. ఆ సైగకు అర్థమేమిటని ఒక్క మాట అడగలేదు.

“మరి నువ్వేం చేశావమ్మా?” అప్పుడు అడిగాను.

ఆమె అరచెయ్యి విప్పి గాలిలో మెల్లగా రెండుసార్లు ముందుకు తోసింది.

“‘పో, నేనున్న’ అన్న. రోజూ అనేదే గద. చెయ్యి దానంతటదే లేసింది. గా సైగ చూసి ఆయన పండుకున్నడు.”

పురాణాల్లో ఎన్నో మరణాలను చదివి అర్థం చెప్పినవాణ్ణి. భగవంతుడు ఇంత దగ్గరగా, ఇంత మామూలుగా వచ్చిపోవడం ఎన్నడూ వినలేదు. ఇంటికి వచ్చి ఆ పేరా కొట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క విశేషణం చేర్చడానికి కూడా చెయ్యి రాలేదు.

పత్రిక వచ్చిన ఆదివారం కూతురు ఊళ్లో అది చదివి వీడియో కాల్ చేసింది. నేను అక్కడే ఉన్నాను. పిల్ల ఏడుస్తుందేమోనని ఇద్దరం భయపడ్డాం.

“మమ్మీ, నాయిన చేసింది ఒక్కసారి చూపియ్యవా?”

తల్లి ఫోను గోడకు ఆనించి చేసి చూపింది. తెరమీద చిన్న చెయ్యి గబగబా అదే చేసింది.

“గట్ల ఉరుకులాడకు,” అంది తల్లి, కళ్లు తుడుచుకోకుండానే. “నిమ్మళంగ జెయ్యి. అంత చప్పుడుల అవతలోళ్లకు అర్థం గావాలె.”