పెరిగింది ఒళ్ళా, సంతానమా?

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను వంటక్క అంటారు. నిజానికి ఇంట్లో ఆమె పొయ్యి మొహం చూసి ఏళ్ళయింది. అక్కడ గరిటె మొగుడి చేతిలోనే ఉంటుంది. వంటక్క వండేదల్లా సీసాల్లో పెంచే సూక్ష్మజీవుల తిండి. ఇరవై రెండేళ్ళుగా చక్కెర, లవణాలు తూచి, నీళ్ళలో కలిపి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో ఉడికిస్తోంది. తూకంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడంలో మొహమాటమూ లేదు.

ఈసారి వచ్చిన అతిథి ఒక నాచు. నాచన్న పేరే గానీ పచ్చదనం ఏనాడో పోగొట్టుకుంది. ఎండలో తన తిండి తాను తయారుచేసుకోవడం మానేసి, ఆవుల పొదుగుల్లో దూరి పాలు పాడుచేస్తుంది. ఒట్టి సోమరిపోతు! తిండి తగ్గిస్తే దీని సంగతేమిటో చూడాలని పరిశోధన చేసే అమ్మాయి రెండు సీసాలు పెట్టించింది. ఒకదానికి నిండు భోజనం. రెండోదానికి చక్కెర మామూలే, నత్రజని మాత్రం పదో వంతు. దానికి పస్తు సీసా అని పేరు పెట్టుకున్నారు.

వారం తిరిగేసరికి పస్తు సీసా కూడా తెల్లగా చిక్కబడింది. అమ్మాయి యంత్రంలో చిక్కదనం కొలిచి, పుస్తకంలో "పెరిగాయి" అని రాసింది. ప్రయోగశాల నడిపే పెద్దసారు అది చూసి నేరుగా వంటక్క దగ్గరికి వచ్చాడు.

"జాలిపడి నత్రజని కాస్త ఎక్కువ వేశారా అక్కా? తూకం తప్పుతుంటే చెప్పండి. రేపట్నుంచి తయారుగా దొరికే పొడి కొందాం, మీరు సీసాలు కడుగుదురుగాని."

వంటక్కకు తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది, కానీ నోరు ఊరుకోలేదు.

"పెరిగాయంటే ఏం పెరిగినట్టు సార్? ఒళ్ళా, సంతానమా? మా ఆయనా ఏటేటా పెరుగుతున్నాడు. అలాగని నాకిద్దరు మొగుళ్ళున్నారా?"

అమ్మాయి ఫక్కున నవ్వి, వెంటనే నాలిక్కరుచుకుంది. యంత్రం చిక్కదనం చెబుతుంది గానీ తలలు లెక్కపెట్టదు. గబగబా గళ్ళ గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టింది. పస్తు సీసాలో తలలు మొదటి రోజు ఎన్నున్నాయో ఇంచుమించు అన్నే ఉన్నాయి. నత్రజని చాలక పిల్లల్ని కనడం ఆపి, తిన్న చక్కెరనంతా కొవ్వుగా దాచుకుని ఒక్కొక్కటీ ఉబ్బిపోయింది.

"తప్పు నాది అక్కా. మీ తూకం సరిగ్గానే ఉంది," అన్నాడు పెద్దసారు. "పెరిగాయి" కొట్టేసి "లావెక్కాయి" అని తనే రాశాడు. తరవాత మైక్రోస్కోపు ముందుకి స్టూలు జరిపి, "రండి, మీరూ చూడండి," అన్నాడు.

అంతవరకూ ఆమెను ఆ స్టూలు మీద కూర్చోమన్నవాళ్ళు లేరు. వంటక్క చేతులు తుడుచుకుని కన్ను ఆనించింది. ఎంతసేపటికీ లేవలేదు.

"కనబడుతున్నాయా అక్కా?" అంది అమ్మాయి.

"ఉండవే! ఇన్నేళ్ళు తిండి పెట్టి, ఇవాళేగా మొహం చూస్తున్నా."