మౌనిక జెర్సీ, నా రెండంగుళాలు

2022 వేసవి. కాగజ్‌నగర్ మార్కెట్ వెనక సందులో నా లేడీస్ టైలర్ షాపు. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ప్రతి జాకెట్‌లోనూ పక్క కుట్ల లోపల రెండంగుళాల బట్ట వదులుతాను. దాన్ని మార్జిన్ అంటాం. పెళ్లికి కుట్టించుకున్నది కాన్పయ్యాక కూడా పట్టాలంటే అది ఉండాల్సిందే. మార్జిన్ కోసేసేవాళ్లను నేను టైలర్లని అననే అనను.

ఒకరోజు మా వాడ పిల్ల మౌనిక నీలం జెర్సీ పట్టుకొచ్చింది. తను రగ్బీ సెవెన్స్ ఆడుతుంది. జట్టుకు ఏడుగురు, ఆటలో ఒక్కో సగానికి ఏడే నిమిషాలు. బంతితో ఉరికేవాళ్లను పట్టి పడేయడమే ఆట. ఆ ఏడాది ఆసియా సీజన్‌లో తన జట్టుకు రెండు టోర్నీలు. మౌనిక సైజు లేదని పెద్ద జెర్సీ ఇచ్చారు. మొదటి టోర్నీలో ఎంత ఉరికినా దాన్ని పట్టి గుంజేశారట. పది రోజుల్లో ఉన్న రెండోదాంట్లోనూ దొరికితే జట్టులోంచి తీసేస్తామని కోచ్ చెప్పేసింది.

“అక్కా, జాకెట్ లెక్క బిగ్గ కుట్టు. ఒక్క వేలు గూడ దొరకొద్దు.”

“జాకెట్ లెక్కనా? నాకంటె మంచిగ ఎవరు కుడ్తరే!” అని గంటలో బిగించి ఇచ్చాను.

ట్రయల్ అంటే మా దగ్గర తొడిగించి చేతులెత్తమనడమే. మౌనిక అది చాలదంది. జాకెట్ల కోసం కూర్చున్న ఆడవాళ్లను సందులో నిలబెట్టి, “నన్ను పట్టుకోండ్రి” అని ఉరికింది. ఎవరికీ దొరకలేదు. సందు చివర కూరగాయలమ్మే రాజవ్వ మాత్రం, డెబ్బై ఏళ్ల మనిషి, నడుం దగ్గర గుప్పిట బిగించి ఆపేసింది.

“గీడ మందంగ ఏందో చేతికొస్తుంది బిడ్డా.”

అది నా మార్జినే.

“కొయ్యక్కా,” అంది మౌనిక.

“కోస్తే మళ్ల అతకదే. రేపు లావైతే?”

“పది రోజులల్ల లావైతనా? దొరికితె ఇంటికే పంపుతరు!”

తన నంబరున్న జెర్సీ అదొక్కటే. నాకు నిజంగా భయమేసింది. కళ్లు సగం మూసుకుని కోసేశాను. ఈసారి పట్టు జారి రాజవ్వే వంకాయల గంపలో కూలబడింది. “ఇగ పో, గెలుస్తవ్,” అని అందులోంచే దీవించింది.

ఆట ఫోన్‌లో పెట్టుకుని షాపంతా గుమిగూడి చూశాం. ఒక పొడుగు పిల్ల మౌనిక నడుం మీద చెయ్యేసింది. సరిగ్గా రాజవ్వ పట్టిన చోటే. చెయ్యి జారింది. మౌనిక గీత దాటి బంతిని నేలకు ఆనించింది. దాన్ని ట్రై అంటారు, ఐదు పాయింట్లు. “నా కుట్టు!” అని అరిచింది నేనే. జట్టులో మౌనిక చోటు నిలిచింది.

మరుసటేడు అదే జెర్సీతో మళ్లీ వచ్చింది. కసరత్తుతో భుజాలూ నడుమూ గట్టిపడ్డాయి. చదివిన బడిలో సన్మానమట, ఇదే జెర్సీ వేసుకుని రమ్మన్నారట.

“జర వదులు చెయ్యవా అక్కా?”

తిరగేసి చూపించాను. లోపల పిసరంత బట్ట లేదు. “లావైతవని చెప్పిన్నా లేదా? రెండంగుళాలు ఉంచుకుంటె ఏం పోతుండె?”

“ఉంచుకుంటె దొరుకుతుంటి అక్కా. అప్పుడు సన్మానమెక్కడిది?”

ఇప్పుడు కొలతలు తీసేముందు, ఏ రోజు వేసుకోడానికని అడిగి, అప్పుడే మార్జిన్ లెక్క వేస్తున్నాను.