అమ్మ కత్తిరించిన గొట్టం

మొన్న నరసరావుపేటలో రేడియో బాగుచేయించుకుందామని ఒక కొట్టు ముందు నిలబడితే, టంకం పొగ ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్లకు దగ్గు వచ్చింది. నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్లయినా చల్లారని కోపం.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా నాన్న దావీదు గురజాలలో రేకుల పని చేసేవాడు. మా వాకిలే ఆయన కొట్టు. నేలలో పాతిన రైలు పట్టా ముక్క, కొయ్య సుత్తి, ఒక పిడిని కాలికింద తొక్కిపెట్టి రెండో పిడిని చేత్తో నొక్కే మూరెడు రేకు కత్తెర, కుంపట్లో ఎర్రబడే టంకపు కడ్డీ, మసి వదలడానికి దాన్ని నవాసారం గడ్డకు రాసినప్పుడు గొంతు పట్టేసే తెల్లటి పొగ. ఎండాకాలం ఊరంతా మిరపకాయల ఘాటు, శివరాత్రి ముందు కోటప్పకొండ బళ్ల లాంతర్ల మరమ్మతు, క్రిస్మస్‌కు చర్చి మీద నిలబెట్టే రేకు నక్షత్రం, ఆ పూట అమ్మ వండే అరిసెల వాసన, చుట్టలు తిరిగిన రేకు పేళ్లను గాజుల్లా తొడుక్కుని, చేతులు గీరుకుని, తిట్లు తినే మేం. అమ్మ మార్తమ్మ ఆ వాకిట్లోనే ఒక పక్కన కూర్చుని మా పేటలో ఆడవాళ్లకు రవికలు కుట్టేది.

ఊరి చివర వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు పెట్టిన కామందు, పొట్టును గోడ బయటికి ఊదే గొట్టం చేయమని నాన్నకు రెండు రేకులిచ్చాడు. యుద్ధం మూలాన రేకు దొరకడమే గగనం.

"ఒరేయ్ దావీదూ, రేకు చెడగొట్టావా, నీ కత్తెరా సుత్తీ నా దగ్గరే ఉంటయ్!" అని బెదిరించాడు కూడా. అవి పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

గొట్టం తిన్నగా పోయినంతవరకు నాన్నకు ఇబ్బంది లేదు. గోడ దగ్గర, లోపలివైపునే, అది మోచేయిలా తిరగాలి. ముందు పాత కిరసనాయిలు డబ్బా రేకు మీద ఏటవాలుగా గీత గీసి కోశాడు. చుట్టి చూస్తే ముక్కల మధ్య నాలుగు వేళ్ల సందు. ఇంకో డబ్బా కోశాడు, అదీ అంతే. నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా, రవిక చెయ్యి సంక కాడ తిన్నగా కోస్తామా? వంపు తియ్యొద్దా?" అంది అమ్మ.

పాత కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఏటవాలుగా కోసి, విప్పి నేలమీద పరిచింది. అంచు అలలాగా లేచి దిగింది. దాన్ని మంచి రేకు మీద పెట్టి బొగ్గుతో గీసి, కుట్టుకు వదిలినట్టే మడతకు వేలెడు వదిలి, కుచ్చిళ్లు ఎగదోపుకుని కత్తెర పిడి మీద కాలు పెట్టింది. ఎక్కడా గంటు పడకుండా కత్తెర వంపు వెంట తిరిగింది. ఆ ముక్కల్ని నాన్న మిల్లుకు మోసుకెళ్లి, అక్కడే చుట్టి టంకం పెట్టాడు.

మిల్లు మొదలుపెట్టిన రోజు అమ్మ పండగ చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చూడడానికి వెళ్లింది. వసారాలో వేరుశనగ పప్పు ఏరడానికి ఆడవాళ్లు కావాలి గానీ, ఇంజను షెడ్డులో ఆడది అడుగుపెడితే ఇంజను మొరాయిస్తుందట! మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల కామందు మాట వినపడింది.

"ఈ వంపు ఎవురు కోశార్రా? చానా బాగుంది!"

"నేనేనండి అయ్యగారూ" అన్నాడు నాన్న.

అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. నాన్న చెడ్డవాడు కాదు, నలుగురూ నవ్వుతారని భయపడి ఉంటాడు. అయితే ఏం? కామందు తెలివితక్కువతనాన్ని ఎప్పుడో మన్నించేశాను గానీ, ఆ ఒక్క మాటకు నాన్నను నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మ అడిగింది: "వంపు కాడ సందేమన్నా వచ్చిందా?"

"లేదు" అన్నాడు నాన్న, తలెత్తకుండా.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. కాలితో తొక్కి రేకు కోసేవాళ్లూ లేరు, గొట్టాలు వంపులతో సహా కొట్లో దొరుకుతున్నాయి. అమ్మా లేదు. ఆ గొట్టం గోడ బయటికి ఊదిన పొట్టును గంపలకెత్తుకొచ్చి, పొయ్యిలో పోసి, ఏళ్ల తరబడి మాకు అన్నం వండింది. గోడకు అవతల తను కోసిన వంపు ఎట్లా కుదిరిందో ఒక్కసారి కూడా చూడకుండానే పోయింది.