డోరతీ గారు పట్టుకుపోయిన బకెట్

పై వాటాలోకి కొత్తగా దిగిన జంట చేపల తొట్టె కొనుక్కున్నారు. ఈ ఉదయం మెట్ల మీద ఆ వాసన తగిలింది. తడి గులకరాళ్ళు, చేపల మేత, కాస్త నాచు కలిసిన వాసన. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి రెండు చేతులా బకెట్ పట్టుకుని దిగుతోంది. అందులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. "రోజూ మారుస్తున్నానండీ, మర్నాటికి మళ్ళీ ఇంతే" అంది. నాకు డోరతీ గారు గుర్తొచ్చారు.

వన్ టౌన్‌లో మేమున్న ఇంటి కింది వాటా ఆవిడది. నర్సుగా చేసి రిటైరయ్యారు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. మేము గోదావరి వైపు నుంచి మావారి పోర్టు ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళం. ఆయన రిటైరైనప్పుడు తోటివాళ్ళు ఒక గాజుతొట్టె, రెండు బంగారు చేపలు బహుమతిగా ఇచ్చారు. అంతకాలం ఓడల సరుకు లెక్కలు చూసిన మనిషి ఆ రెండు చేపల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మూడో రోజుకు నీళ్ళు తెల్లబడ్డాయి. నాకు మురికి సరిపడదు. తొట్టెలో పట్టేవి నాలుగున్నర బకెట్లు. నాలుగున్నరా తోడి, రాళ్ళు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, కొత్త నీళ్ళు పోశాను. మర్నాడు మళ్ళీ తెలుపు. మళ్ళీ నాలుగున్నర. అలా వారం తిరిగేసరికి చిన్న చేప పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తోంది. వచ్చే ఆదివారం ఆ తోటివాళ్ళు భోజనానికి వస్తున్నారు. మావారు అన్నం కలిపి, తినకుండా వదిలేసి, "వాళ్ళొచ్చేసరికి ఇది ఉంటుందంటావా?" అన్నారు.

ఆ మాట వినలేక మళ్ళీ బకెట్ తీశాను. మెట్ల దగ్గర డోరతీ గారు అడ్డం నిలబడ్డారు.

"ఏటి సేత్తన్నావ్ లచ్చిమీ? మంచమ్మీదున్న పేషెంటుకి రోజూ తలంటు పోత్తావేటి?"

"మురికి ఉంటే ఊరుకోమంటారా?"

"మురికి కాదమ్మా. కంటికి కనబడని జీవాలు. సేప పెంటని తినీసి నీల్లు బాగుసేసీవి అవే. కొత్త తొట్టిలో అవి కుదురుకునీదాకా నీల్లు తెల్లగానే ఉంతాయి. నువ్వేమో రోజూ కడిగీసి వాటిని మొదటికి తెత్తన్నావు. పిల్లల వార్డులో తొట్టి నానే సూసీదాన్ని."

"మరి ఏం చెయ్యమంటారు?"

"ఒగ్గీ."

వాళ్ళ వైపు మాటలో వదిలెయ్యమని. అంటూనే బకెట్ లాక్కుని తన ఇంట్లో పెట్టుకున్నారు. మేత డబ్బా కూడా పట్టుకుపోయారు. రోజుకో చిటికెడు ఆవిడే వేస్తారట. ముందు రోజు పట్టి ఉంచిన నీళ్ళతో, రోజు విడిచి రోజు ఒక్క బకెట్ మాత్రం ఆవిడే మారుస్తారట.

ఊరుకోవడం నాకు చేతకాదు. మర్నాడు పదింటికి కిందికి వెళ్ళి బకెట్ అడిగాను. "కూకో" అని చింతపండు చేట నా ముందు పెట్టారు. పిక్కలు తీసేసరికి మధ్యాహ్నమైంది. నీళ్ళింకా తెల్లగానే ఉన్నాయని చెప్పడానికి సాయంత్రం వెళితే తన జాకెట్లకు హుక్కులు కుట్టించారు. ఆ మర్నాడు వెళితే అటక దులిపించారు. "పైన నీళ్ళ సంగతేమో గాని, కింద ఆవిడ ఇల్లు తేటపడుతోంది" అన్నారు మావారు. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

శుక్రవారం చిన్న చేప కిందికి దిగి రాళ్ళు కెలికింది. శనివారం తొట్టెలోంచి చూస్తే వెనక గోడ మీది క్యాలెండరులో తేదీలు కనబడ్డాయి. ఆదివారం ఉదయానికి తేదీల కింద చిన్న అక్షరాల తిథులు కూడా చదివాను.

భోజనానికి డోరతీ గారినీ పిలిచాం. వచ్చినవాళ్ళంతా తొట్టె చుట్టూ మూగారు. ఒకాయన చేపలకు వేద్దామని ముద్దుగా పకోడీ ముక్క తుంచాడు. డోరతీ గారు కుర్చీలోంచి కదలకుండా, "బాబూ, సెయ్యి ఎనక్కి. సూడ్డానికొచ్చినోల్లు ఎట్టిన తిండితోనే నా వార్డులో సగం మందికి జబ్బు తిరగబెట్టీది" అన్నారు. ఆయన ఆ ముక్క తనే తినేశాడు.

"ఇప్పుడైనా బకెట్ ఇస్తారా?" అని అడిగాను.

"సూద్దాం" అన్నారు.

ఆ చేపలు ఇంకో నాలుగేళ్ళు బతికాయి. బకెట్ మాత్రం, డోరతీ గారు పోయాక వాళ్ళమ్మాయి తెచ్చి ఇచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా ఆ "ఒగ్గీ" వినబడుతుంది. కోడలి వంటింట్లో డబ్బాలు వరస తప్పినా, కూతురూ అల్లుడూ రెండు రోజులు మాట్లాడుకోకపోయినా నా చేతులు ఊరుకోవు. సర్దడానికి లేస్తాను. అప్పుడు చింతపండు ముందేసుకుని కూర్చుంటాను. చాలాసార్లు నేను పిక్కలు తీసేలోగా అక్కడ వాళ్ళే కుదురుకుంటారు. మా ఇంటి చారులో ఎవరి పంటి కిందా పిక్క పడిన రోజు లేదు.

మెట్ల మీద ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "ముందు ఆ బకెట్ ఇలా ఇవ్వమ్మా" అన్నాను. ఇచ్చింది. "మరి నేనేం చెయ్యాలండీ?" అంది.

లోపలికి రమ్మన్నాను. కొత్త చింతపండు నిన్ననే దగ్గరుండి తూయించి తెచ్చాను. ఐదు కిలోలు.