మసి తుడిచిన మోటారు

ఆఫీసులో ఆయన్ని అందరూ అరుగుదల మామయ్య అంటారు. ఇళ్లకు బీమా చేసే కంపెనీలో, చెడిపోయిన మోటార్లూ గీజర్లూ చూసి రిపోర్టు రాయడం ఆయన పని. ఉన్నట్టుండి చెడిపోతే కంపెనీ కొత్తది ఇస్తుంది, వాడగా వాడగా అరిగితే ఇవ్వదు. ఇరవై రెండేళ్లలో ఆయన ఎక్కువసార్లు రాసిన మాట 'అరుగుదల'. రాసింది అబద్ధం కాదు. అయినా అది రాసిన ప్రతి ఇంటి మెట్లూ తల వంచుకునే దిగారు.

ఆ రోజు ఐదో ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్లు మొరాయిస్తుంటే ఆగి ఆగి ఎక్కారు. తలుపు తీసినావిడ చేతుల్లో రెండు ఖాళీ బకెట్లున్నాయి. ఆరు రోజులుగా కింది కుళాయి నుంచి నీళ్లు మోస్తోందట. లోపల భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు. పూటపూటా ఒళ్లు తుడవాలి, పక్కబట్టలు ఉతకాలి.

"మోటారు వెనక బాల్కనీలో ఉందండి. మీరొస్తారని పొద్దున్నే శుభ్రం చేసి పెట్టాను," అందావిడ.

ఆయన ప్రాణం ఉసూరుమంది. వెళ్లి చూస్తే మోటారు తళతళలాడుతోంది.

"ఆగిపోయినప్పుడు ఏమైందమ్మా?"

"టప్పుమని పొగొచ్చిందండి. పైనంతా మసి. పరాయి మనిషికి అలా చూపిస్తే ఏం బాగుంటుందని సబ్బుతో తోమేశాను."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. చుట్టం వస్తున్నాడని ఇల్లు సర్దినట్టు, సగం మంది ఇల్లాళ్లు ఆయన కోసం సాక్ష్యాన్ని తోమి పెడతారు. మసి ఉంటే ఒక్క ఫొటోతో పనైపోయేది. ఇప్పుడు కనిపించేదల్లా పాత మోటారు, అంచుల్లో తుప్పు. కనిపించింది రాస్తే అరుగుదలే. విప్పి చూడమని ఆయన్ని ఎవరూ అడగరు. ఇంకా రెండిళ్లున్నాయి. ఎప్పుడు ఇంటికెళ్లి కాళ్లు చాపుకుంటానా అనిపించింది.

లోపల భర్త మూలిగాడు. ఆవిడ బకెట్లో అడుగున మిగిలిన నీళ్లు చెంబులోకి వంచింది. చెంబు సగం కూడా నిండలేదు.

ఆయన చొక్కా చేతులు మడిచి నేల మీద చతికిలబడ్డారు. తుప్పుపట్టిన మరలు ఓ పట్టాన ఊడిరాలేదు. అరగంటకి మూత తీస్తే, లోపలి రాగి తీగ చుట్టంతా బొగ్గులా మాడిపోయి ఉంది.

వెనక నిలబడ్డ ఆవిడ సిగ్గుపడిపోయింది. "అయ్యో, లోపల చూసుకోలేదండి," అంటూ తడిగుడ్డతో వంగింది.

ఆయన చప్పున చెయ్యి అడ్డం పెట్టారు. "ముట్టుకోకండమ్మా. మీ ఇంటికి నీళ్లు తెచ్చేది ఆ మసే."

ఫొటోలు తీసి, రిపోర్టులో 'కాలిపోయింది' అని రాసి, సంతకం పెట్టించుకున్నారు. కొత్త మోటారు రావడానికి వారం పడుతుందని చెప్పారు. ఆవిడ తలూపి బకెట్ల కోసం చూసింది. అవి అప్పటికే ఆయన చేతుల్లో ఉన్నాయి.